కార్జం డబ్బా

సురేశ్,

నువ్వు పోయాక వచ్చిన మొదటి వేట సీజన్ ఇది. నిన్న పొద్దున నీ స్నేహితుడు శ్రీనుతో కలిసి మన ఊరు కమ్మింగ్ నుంచి అడవికి వెళ్ళాను. జింకను కొట్టింది నేనే.

అది పడ్డాక శ్రీను కత్తి తీశాడు. "వదినా, మీరు ట్రక్‌లో కూర్చోండి. క్లీనింగ్ నేను చేసేస్తా."

"ఇన్నేళ్ళూ ట్రక్‌లోనే కూర్చున్నాగా. కత్తి ఇటివ్వు," అన్నాను.

నువ్వు చేస్తుంటే అద్దంలోంచి చూసినదంతా గుర్తుంది. రెండు వేళ్ళతో చర్మం పైకెత్తి, కత్తి పదును పైకి తిప్పి, పేగులు తెగకుండా పొట్ట కోశాను. చలికి కొంకర్లు పోయిన వేళ్ళు లోపలి వేడికి మామూలయ్యాయి. ఈ దేశంలో చాలామంది అడవిలోనే వదిలేసే కార్జాన్ని, నీలాగే, నీ స్టీలు డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

నీ కడుపుమంటకు భయపడి వేపుడులో మిరియాలు ఎప్పుడూ తగ్గించేదాన్ని. ఈసారి నాకు కావలసినంత ఘాటుగా చేసుకుందామనుకున్నాను. తిని చూస్తే చప్పగా ఉంది. చెయ్యి నీ కొలతే వేసింది.

వచ్చే సీజన్‌కీ వేట లైసెన్స్ తీసుకుంటాను. అప్పుడు మిరియాలు నా నోటికి సరిపడా వేస్తాను.

లలిత