మూడో పదాన్ని బయటికి చదవవద్దని

గ్రంథాలయాధికారి గారికి,
నెల్లూరు.

అయ్యా,

విషయం: వ్యాసాలు వెతుకు పదాలను నేనే టైపు చేసుకొనుటకు అనుమతి కోరుట.

సూళ్లూరుపేట నుండి రోజూ రైల్లో వచ్చు పరిశోధక విద్యార్థిని షేక్ కౌసర్ విన్నవించునది:

1. నా అంశము పులికాట్ సరస్సు పీతల సంతానోత్పత్తి. శుక్రవారంలోగా సినాప్సిస్ ఇవ్వనిచో నా రిజిస్ట్రేషన్ రద్దగును. పరిశోధన వ్యాసాల డేటాబేస్ కౌంటరులోని ఒక్క కంప్యూటరులోనే తెరుచుకొనును. మేము పదాలు చీటీపై రాసి ఇవ్వవలెను. కౌంటరు గుమాస్తా సుశీల్ కుమార్ గారు టైపు చేయుదురు.

2. మొదటి చీటీలో "క్రాబ్" అని మాత్రమే రాసితిని. అరవై వేల వ్యాసాలు వచ్చినవి. అంశాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు మారుపేర్లు రాసి, మారుపేర్ల మధ్య "ఆర్", ముక్కల మధ్య "అండ్" పెట్టమని మా గైడు ఉషారాణి గారు చెప్పిరి. అటులనే పులికాట్ పక్కన దాని తమిళ పేరు పళవేర్కాడు కూడా చేర్చితిని.

3. మూడో ముక్కయైన సంతానోత్పత్తికి తగిన ఇంగ్లీషు పదము నాకు తెలియును. పదేళ్ళు కాన్వెంటులో చదివినందున రాయుటకు చేయి రాలేదు. బదులుగా "మ్యారేజ్" అని రాసితిని. పీతలు పట్టువారి పెళ్ళి ఆచారాలపై పద్నాలుగు వ్యాసాలు వచ్చినవి. అన్నీ చదివితిని. బాగున్నవి. "పీతలకి పెళ్ళి ఎవరు చేసినారమ్మా?" అని ఉషారాణి మేడమ్ గారు అడిగిరి.

4. నిన్న ధైర్యము చేసి సరియైన పదమే రాసి, పేరు రాయక, చీటీ కౌంటరుపై ఉంచి దూరంగా కూర్చొంటిని. సుశీల్ కుమార్ గారు చీటీ పైకెత్తి, నిండిన హాలులో, "మేటింగ్ ఎవరిదమ్మా?" అనిరి. నేను లేవలేదు.

"ఎవరికి కావాల మేటింగు? అయిదు దాకా టైముండాది."

"పేరు రాయలేదాన్నా?" అని మూల బల్ల నుండి ఎవరో అడిగిరి.

"రాసుంటే నేనెందుకు అరుస్తా?"

మూడోసారి కూడా పిలిచి, చీటీ చించివేసిరి.

5. ఆయనపై ఫిర్యాదు ఏమియు లేదు. గొంతు అట్టిది.

కావున శుక్రవారం లోపల పది నిమిషాలు ఆ కంప్యూటరు ముందు నన్ను ఒంటరిగా కూర్చొననివ్వ ప్రార్థన. అది వీలుకానిచో, మూడో పదాన్ని కంటితో మాత్రమే చదివి టైపు చేయునట్లు ఉత్తర్వు ఇప్పించి నా ఏడాది నిలుపుదురని ఆశించుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ కౌసర్

తా.క.: అర్జీలు కూడా సుశీల్ కుమార్ గారి ట్రేలోనే వేయవలెననియు, ఆయనే తమకు చదివి వినిపించుదురనియు ఇప్పుడే తెలిసినది. అన్నా, దయచేసి తలుపు మూసి చదవండి. నాలుగో నంబరు దగ్గర కొంచెం మెల్లగా. ఆ చీటీ నాదే.