మద్దిలేటి బండి పక్కన ఎర్ర కుర్చీలు

2006 జూన్ 3, శనివారం
మా సైకిల్ షాపు ఎదురుగా పిజ్జా అంగడి మూతపడింది. హైదరాబాదు కంపెనీ బోర్డు, కర్నూలు శెట్టి కొడుకు పెట్టుబడి. నాకు పండగే. మద్దిలేటి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొన్నాను, దారానికి గుచ్చాను, షట్టర్‌కు దండ వేశాను. రెండు ఊదుబత్తీలు కూడా. "కాల్చిన రొట్టె మీద జిగురు పోసి అమ్మితే యాడ నిలుస్తాదప్పా" అన్నాను. బజారంతా నవ్వు.
మద్దిలేటి ఒక్కడే నవ్వలేదు. "వాడూ పొయ్యి పెట్టుకొని బతకాలనుకున్నోడేలే అన్నా..."

జూన్ 4
ఆదివారం. బొరుగుల ఉగ్గాని లేదు. నా పెళ్లాం సరోజ గోధుమరవ్వ ఉప్మా పెట్టి లోపలికి పోయింది. పెళ్లైనప్పటి నుంచి ఆదివారమంటే ఉగ్గానే. బొరుగులు అయిపోయాయా? డబ్బా తీసి చూశాను — నిండా ఉన్నాయి.

జూన్ 6
మళ్లీ ఉప్మా. పళ్లెం నా ముందుకు తోసి పోయింది.

జూన్ 7
పక్కింటి నూర్జహాన్ బయటపెట్టింది. "నీకు తెలీదా అన్నా? వదినా నేనూ అప్పుడప్పుడూ ఆ అంగడికి పోతాంటిమి. నువ్వు మద్యాన్నం ఇంటికొచ్చి తిని గురక పెడతాంటావే, ఆ యాళకి. ఒక్కటి తీసుకొని ఇద్దరం తింటాంటిమి. శనివారం కూడా పోయినాం. నీ దండ చూసి తిరిగొచ్చినాం."
నా దుకాణం ఎదురుగానే... నా కళ్లు మూతపడే వేళ చూసుకొని.

జూన్ 8
పొద్దున అడిగేశాను — ఆ జిగురు రొట్టెలో ఏముందే? మద్దిలేటి బజ్జీలు పొట్లం కట్టించి తెస్తానే ఉన్నాను గదా?
"తెస్తావు. మెత్తబడినాక తెస్తావు. కరకరలాడతాదని నువ్వు చెప్తే ఇనడమే. బొరుగులు నానేసి, నీళ్లు పిండి, తిరగవాత పెట్టి, పుట్నాలపొడి సల్లి మీకందరికీ పెడతా. నేను కూసునేతలికి సల్లగైపోతాది. ఆడ... వాళ్లు తెచ్చి నా ముందర పెడతాంటిరి. పొగలు వస్తాండంగానే."


జూన్ 9
మద్దిలేటి బండి దగ్గర నిలబడి చూశాను. తినేవాళ్లంతా మగవాళ్లే. ఆడవాళ్లు వస్తారు, పొట్లం అందుకుంటారు, కొంగు కింద పెట్టుకొని పోతారు. ఇన్నేళ్లు ఇక్కడే నిలబడి ఊరందరినీ ఎగతాళి చేశాను. ఇది కనపడలేదు.
రెండు కుర్చీలు వేద్దామన్నాను, ఆడవాళ్లకు. మద్దిలేటి నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఈసారి ఎవురిని ఆటపట్టిస్తాండావన్నా?"

జూన్ 10
శెట్టి కొడుకు అంగడి సామాను లారీకి ఎక్కిస్తున్నాడు. రెండు కుర్చీలు అడిగాను.
"దండేసినోడివి నువ్వే గదా?"
అవునన్నాను. కుర్చీలు ఎందుకో, ఎవరికో కూడా చెప్పాను. కాసేపు షట్టర్ వైపు చూశాడు. "అద్దం పక్కనవి తీస్కపో. ఆ అక్కోళ్లు ఆడే కూసుంటాంటిరి. శానా నవ్వుకుంటాంటిరి."
సరోజ నవ్వుతుందని వీడు చెప్పాలి నాకు.
ఇంటికొచ్చి పిలిచాను — రేపు బండి దగ్గరికి రా, నూర్జహాన్‌ను కూడా తీసుకురా, కూర్చొని వేడివేడిగా తిందురు. చీపురు ఆపింది.
"అందర్లో కూసోబెట్టి నాక్కూడా దండేస్తావా?"
ఒట్టు వేయబోయాను. నా ఒట్ల సంగతి ఆమెకు తెలుసు. చెయ్యి దించుకున్నాను.

జూన్ 11, ఆదివారం
బండి పక్కనే నిలబడి రాస్తున్నాను. ఎర్ర కుర్చీలు తుడిచి పెట్టాను. "ఎవురికప్పా, కలెక్టరుకా?" అని ఒకడు. నాలుక కొసదాకా వచ్చిన జవాబు మింగేశాను. ఇంకొకడు కూర్చోబోతే లేపాను. మద్దిలేటి ఉగ్గాని కలిపి మూత పెట్టాడు. పిండిలో ముంచిన మిరపకాయ చేతిలో పట్టుకొని — "ఏసేదా అన్నా? నూనె కాగింది."
"ఆగు. కూసున్నాక ఏయి."
మలుపులో నూర్జహాన్ బురఖా. వెనక సరోజ... పెట్టెలో దాచుకునే పసుపు చీర. ఆగిపోయింది. కుర్చీలను చూస్తోంది. నన్ను చూస్తోంది. నా చేతుల వైపు చూస్తోంది.
డైరీ మూసి బండి మీద పెడుతున్నాను. చేతులు ఖాళీగా కనపడాలి...