కాంటాలో నీ గొంతు

అన్నా, నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మానుకోట మార్కెట్లో మిర్చి అమ్మబోతే, అక్కడి కాంటా నీ గొంతుతో తూకం చెప్పింది. మన దంతాలపల్లి రైతుల కోసం నువ్వు రాసి, నీ గొంతు రికార్డు చేసి పెట్టిన ప్రోగ్రామే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని, బాగుచేస్తే ఆ మార్పులు మళ్లీ అందరికీ ఇవ్వాలని షరతు పెట్టావు. దాన్ని తీసుకున్న కంపెనీ, గాలికి అంకె ఊగే లోపాన్ని సరిచేసింది. నీ పేరు తీసేసింది. మన ఊరి కాంటాలో అంకె ఇంకా ఊగుతూనే ఉంది.

"గిది మా అన్న రాసిండు. మీరు బాగుచేసింది మాకూ ఇయ్యాలె కదా," అన్నాను కంపెనీ మనిషితో.

"గిది మా కంపెనీది అక్కా. బయటికి ఇయ్యం," అంటూ బస్తా దించబోయాడు.

"జర ఆగున్రి, అంకె నిలువనియ్యున్రి," అన్నావు నువ్వు, కాంటాలోంచి.

అతను ఆగాడు. ఎవరి మాట విన్నాడో అతనికి తెలియదు.