బతికించే కత్తి

బావా,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగడం వెర్రితనం, అయినా నోరు ఊరుకోదు... నువ్వు పోయి పన్నెండేళ్ళు దాటాయి. ఇన్నేళ్ళలో నీకొక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

తెలుగులోనే రాస్తున్నాను. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా తెలుగు చెప్పారు కాబట్టి ఈ అక్షరాలు నాకు మిగిలాయి. మామకు ఏ అక్షరమూ రాదు. మన జక్కుకు అరవం, ఇంగ్లీషు తప్ప రావు. ఈ ఇంట్లో దీన్ని చదవగలిగేవాళ్ళు నేను తప్ప లేరు. అందుకే ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నీ కూతురు జక్కమ్మ... నువ్వు పోయేనాటికి నాలుగేళ్ళ పిల్ల. నీ పొట్ట మీద బోర్లా పడుకుని పుస్తకాల్లో బొమ్మలు చూసేది. ఇప్పుడు పదకొండో తరగతి, ప్లస్ వన్ చదువుతోంది. నాకంటే ఎత్తు. నీలాగే ఒక కాలు ఈడ్చి నడుస్తుంది. కోపం మాత్రం నాది.

ఆ జపాను బొమ్మల పుస్తకాల పిచ్చి నీకెలా పట్టింది బావా? తూత్తుకుడి రేవులో దిగిన పాత కాగితాల బేళ్ళు నీ వ్యానులో విరుదునగరం గోడౌనుకు తెచ్చేవాడివి. అక్కడి నుంచి అవి వెంబకోట్టై వైపు పోయి టపాసు గొట్టాలయ్యేవి. ఎక్కడో జపానులో ఎవరో చదివి పారేసిన కాగితం ఇక్కడ ఢామ్మని పేలేది. ఆ బేళ్ళలో ఇటుకంత మందం బొమ్మల పుస్తకాలు దొరికితే, గుమస్తాకు టీ తాగించి ఇంటికి తెచ్చుకునేవాడివి. మిగతా మొగుళ్ళు మల్లెపూలు తెచ్చేవాళ్ళు. నా మొగుడు కత్తియుద్ధాలు తెచ్చేవాడు.

ఒకసారి వీడియో డెక్కు అద్దెకు తెచ్చి, రేవులో ఎవరి దగ్గరో సంపాదించిన జపాను కత్తుల సినిమా వేశావు. ఎవరికీ ఒక్క మాట తెలియదు. నువ్వే టీవీ పక్కన నిలబడి, చీపురుకట్ట కత్తిలా తిప్పుతూ, అందరి మాటలూ నువ్వే చెప్పావు. మా అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్ళు నవ్వలేక చచ్చారు. ఆ రోజు నువ్వన్న మాట నాకింకా వినబడుతుంది: "సూడు పిల్లా, ఒక్క మాటా అర్తం కాలా, అయినా అంతా అర్తమయ్యె. అది కదా కత."

నువ్వు తెచ్చిన వాటిలో మనకు ముద్దైంది ఒక్కటే, అట్ట ఊడిపోయిన లావుపాటి పుస్తకం. పుస్తకం ఎటు నుంచి చూస్తాం? ఎడమ నుంచి కుడికే కదా. అలాగే చూశాం. మొదటి బొమ్మలో ఒకడు వానలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తి, చుట్టూ పీనుగులు. పేజీ తిప్పితే ఆ కత్తి ఒకడి కడుపులో ఉంది. ఇంకో పేజీ తిప్పితే కడుపులో కత్తి లేదు, ఆ మనిషి నిలబడి అరుస్తున్నాడు. అలా ఒక్కొక్కడూ లేచాడు. తెగిపడ్డ తల మెడ మీదికి వచ్చి కూర్చుంది. కత్తి పట్టినవాడు పేజీ పేజీకీ చిన్నవాడైపోయాడు. చివరికి రక్తపు మడుగులో పడి ఉన్న తల్లిని చేరాడు. ఆమె కూడా లేచింది. ఆఖరి బొమ్మలో వాగు ఒడ్డున కూర్చుని వాడి తల రుద్దుతోంది.

"ఇది బతికించే కత్తి పిల్లా. ఇది తగిలితే సచ్చినోడు లేస్తాడు. ఊరు ఊరంతా లేపుకుంటా, ఆ పిల్లోడు వాళ్ళమ్మ దగ్గరికి పోతా ఉండాడు."

అక్కడక్కడా బొమ్మలు నీ కథకు కుదిరేవి కాదు. నేను అడిగితే, "వాళ్ళ దేశంలో అట్లనేలే," అని పేజీ తిప్పేసేవాడివి. నేను నమ్మాను. వీధి వీధంతా వచ్చి విని నమ్మింది...

తర్వాతది నీకు తెలుసు. అయినా చెబుతాను, నువ్వు నీ వైపు నుంచే చూసి ఉంటావు కాబట్టి.

గోడౌనులో బండ్ల వరస తప్పించి తన వ్యాను ముందుకు తోసిన మారియప్పను అందరి ముందూ చెంప మీద కొట్టావట. ఇంటికొచ్చి నాకు చెప్పలేదు. నువ్వు మర్చిపోయావు, వాడు మర్చిపోలేదు. మర్నాడు మధ్యాహ్నం బేలు మీద కూర్చుని పుస్తకం తిరగేస్తుంటే వెనక నుంచి వచ్చి నరికాడు. మొదటి వేటు మెడ మీద. నువ్వు చెయ్యి అడ్డం పెడితే చెయ్యి తెగింది. కింద పడ్డాక కూడా ఆపలేదు. ఎన్ని వేట్లో పెద్దాసుపత్రివాళ్ళు చెప్పబోతే నేను చెవులు మూసుకున్నాను.

నన్ను తీసుకుపోయేసరికి నిన్నింకా లేపలేదు. కాగితాల మీద పడి ఉన్నావు. పేజీలు నీ వీపుకు అంటుకుపోయాయి. పోలీసు ఒకడు వాటిని ఒక్కొక్కటీ పీకుతున్నాడు, ఆ చప్పుడు నేను విన్నాను. అప్పుడు నాకేం తోచిందో చెప్పనా? ఆ పుస్తకాల్లో రక్తం నల్లగా ఉంటుంది. నల్లగా, శుభ్రంగా. నీది అలా లేదు. దాని మీద ఈగలు వాలాయి. ఏ బొమ్మలోనూ ఈగల్ని గీయలేదేం బావా?

కోర్టులో కారణం వెతికారు. బండ్ల వరస అన్నారు, పాత పగ అన్నారు, తాగుడు అన్నారు. నాకు నువ్వు ఇంకేదో జపాను పుస్తకం తిరగేస్తూ అన్న మాటే గుర్తొచ్చింది: "వీళ్ళు మన పక్కోళ్ళ మాదిరే పిల్లా. ముందు నరికేస్తారు. ఎందుకు నరికితిమి అని తర్వాత ఎతుకుతారు."

వాణ్ణి జైల్లో వేశారు. మామ గడ్డం గీయడం మానేశాడు. కొడుకు చావుకు బదులు తీరేదాకా కత్తి ముఖానికి తగలనివ్వనని నలుగురి ముందూ అన్నాడు. ఒక్క మగబిడ్డ పుట్టి ఉంటే... అని రోజూ అనేవాడు. జక్కు కంచం ముందు కూర్చున్నప్పుడే అనేవాడు. నేను గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని. ఆయనకు వినబడేది కాదు. దానికి మాత్రం అన్నీ వినబడేవి.

జక్కుకు నీ పిచ్చే పట్టింది. కేబుల్లో జపాను బొమ్మలకు అరవం మాటలు పెట్టి వేసేవాళ్ళు. జుట్టు ముళ్ళలా నిలబడ్డ పిల్లలు, చేతుల్లోంచి నిప్పులు, ఎగిరి కొట్టడాలు... బడి నుంచి రాగానే సంచి విసిరేసి టీవీ ముందు కూర్చునేది. సీడీలు అద్దెకు తెచ్చేది, అగ్గిపెట్టె అట్టముక్కల మీద ఆ ముఖాలన్నీ గీసేది. ఎంత బాగా గీస్తుందనుకున్నావు? నీ వల్లే కదా వచ్చిందని నేను మురిసిపోయాను. ఎరువుల సంచిలో దాచిన నీ పుస్తకాలు అటక మీంచి దింపి ఇచ్చింది నేనే.

బ్రౌజింగ్ సెంటర్లో ఏదో చూసి వచ్చి ఒకరోజు చెప్పింది. ఆ పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చదవాలట. మన వెనక అట్టే వాళ్ళ ముందు అట్టట. నువ్వు తిరగేసి చెప్పావట.

సరైన వైపు నుంచి చూస్తే ఆ కథేంటో తెలుసా? వాగు ఒడ్డున తల్లీ కొడుకూ. తల్లిని చంపుతారు. కొడుకు పెరిగి పెద్దవాడై ఒక్కొక్కణ్ణీ వెతికి నరుకుతాడు. చివరికి వానలో ఒంటరిగా నిలబడతాడు. అంతే. లేపడమూ లేదు, బతికించడమూ లేదు.

నేను దాని చెంప పగలగొట్టాను. నా మొగుడి కథ తప్పని చెప్పడానికి నువ్వెవతివని అరిచాను. అది ఏడవలేదు. ఆ పుస్తకాన్ని తన వైపు నుంచి మళ్ళీ మళ్ళీ చదివింది. ఎందుకు చదువుతోందని నాకు అనుమానం రావద్దూ?

శిక్ష తగ్గించి మారియప్పను వదిలేశారు. విరుదునగరం బస్టాండు ఎదుట పరోటా కొట్టు పెట్టాడని మామ టీ కొట్టులో విని వచ్చాడు. ఆ మాట మా ఇద్దరి ముందూ చెప్పాడు. సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుని అరువా నూరాడు. మన కొట్టంలో చూరుకింద ఉండేదే, ఆ వంకర కొడవలి. జక్కు గడపలో కూర్చుని చూసింది.

మర్నాడు అది యూనిఫారం వేసుకుని బడికి వెళ్ళింది. పొద్దెక్కాక నేను చూరుకింద చూశాను... అరువా లేదు.

విరుదునగరం బస్సెక్కాను, దారిలో సాత్తూరులో ఆగితే డ్రైవర్ని తిట్టాను. పక్కన కూర్చున్న ముసలామె నన్ను చూసి సీటు మారింది. విరుదునగరంలో దిగేసరికి కొత్తు పరోటా కొట్టే చప్పుడు వినబడుతోంది. పెద్ద ఇనప పెనం మీద రెండు రేకులతో పరోటాలు ముక్కలు చేస్తూ టకటకా... రోడ్డుకు ఈ పక్క నేను, ఆ పక్క కొట్టు ముందు జక్కు. దాన్ని పిలిచే లోపలే చెయ్యి పైకి లేచింది.

మారియప్ప ఎడమచేతి వేళ్ళు రెండు తెగి పెనం మీద పడ్డాయి. చుయ్యిమన్నాయి. మాంసం కాలిన వాసన వచ్చింది. వాడు మోకాళ్ళ మీద కూలబడి జక్కు ముఖంలోకి చూశాడు. ఎవరని అడగలేదు. నీ ముఖం వాడు మర్చిపోతాడా?

నేను పోయి దాని చేతిలోంచి అరువా లాక్కున్నాను. నిజం చెబుతున్నాను బావా, ఆ వేళ్ళు చూసి నాకు సంతోషం వేసింది. కడుపులోంచి వచ్చింది ఆ సంతోషం. వాడు తల వంచి ఉన్నాడు. మెడ నా ముందే ఉంది. నిన్ను మొదట నరికింది అక్కడే కదా... నేను చెయ్యి ఎత్తాను. ఇంకొక్క క్షణం గడిచి ఉంటే వాడి తల తెగేది.

అప్పుడు జక్కును చూశాను. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఎలా చూస్తుందో, నన్ను అలాగే చూస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని, తర్వాతి బొమ్మ కోసం. దాని యూనిఫారం మీద రక్తం పడింది, అది చూసుకోనైనా లేదు.

నా చెయ్యి దిగిపోయింది.

వాడు తడిగుడ్డ చేతికి చుట్టుకుంటూ, కళ్ళెత్తకుండా, మమ్మల్ని బస్సెక్కి పొమ్మన్నాడు. జనం పోగయ్యేసరికి రేకు జారి తెగిందని అరుస్తున్నాడు. పోలీసుకూ అదే చెప్పాడట. ఎందుకలా చెప్పాడు? చేసిన పాపం కడుక్కోవడానికా? మళ్ళీ కోర్టు మెట్లెక్కే ఓపిక లేకా? నాకు తెలియదు. వాణ్ణి క్షమించమని మాత్రం నన్నడగొద్దు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటలాడతాయి.

జుట్టు పట్టుకుని దాన్ని ఈడ్చుకొచ్చాను. యూనిఫారం మీది రక్తం కనబడకుండా నా పైట చుట్టాను.

మామకు తెలిసింది. మర్నాడే గడ్డం గీయించుకుని, మేకమాంసం తెచ్చి, నా మనవరాలు కాదు మనవడు అని దాని వీపు తట్టాడు. నేను ఆ మాంసం కుక్కకు వేసి, ఆయన చాప వీధిలోకి విసిరేశాను. ఇప్పుడు విళాత్తికుళంలో చిన్నత్త దగ్గర ఉన్నాడు. నీ తండ్రే, నువ్వు కోప్పడితే పడతాను.

జక్కు తినడం లేదు బావా. ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ వాసన వస్తోందని ఊసేస్తుంది. టీవీ పెట్టదు. బొమ్మ గీయదు. చేతులు కడిగిందే కడుగుతుంది.

అక్కడితో అయిపోతే నీకు ఇదంతా రాసేదాన్ని కాదు. మారియప్పకు కొడుకున్నాడు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని చేసేవాడు, కబురు తెలిసి వచ్చేశాడు. రేకు జారితే వేళ్ళు అలా తెగవని వాడు ఎవరి మాటా నమ్మలేదు. బస్టాండులో విచారించాడని గోడౌను గుమస్తా కబురు చేశాడు. అరువా పట్టుకున్న ఆడమనిషిని చూశామన్నారు, ఆమె ఒక పిల్లను ఈడ్చుకుపోయిందన్నారు. నరికింది ఎవరో సరిగ్గా చూసినవాళ్ళు లేరు. కానీ యూనిఫారం రంగు చెప్పారు. ఆ రంగు వెతుక్కుంటూ మన కోవిల్పట్టికే వచ్చాడు. నిన్న జక్కు బడి గేటు ఎదుట నిలబడి ఉన్నాడు. నేను చూశాను, అచ్చం తండ్రి ముఖం. చొక్కా వెనక ఏదో దోపుకుని ఉన్నాడు.

వాడు దీన్ని నరుకుతాడు. లేదా నన్ను నరికితే, ఇది వాణ్ణి నరకడానికి పోతుంది. ఆ తర్వాత ఇంకొకడు... ఎక్కడ ఆపాలి బావా? నువ్వైతే పేజీ అటు తిప్పేసేవాడివి. నాకు ఆ విద్య రాదు.

అందుకని ఇలా అనుకున్నాను. రేపు మొదటి బస్సుకు విరుదునగరం పోతాను. కొట్టు ముందు నిలబడి, నరికింది నేనే అని ఆ కొడుకుతో చెబుతాను. మారియప్ప పక్కనే ఉంటాడు, వాడికి నిజం తెలుసు. వాడు నోరు విప్పడనే నమ్ముతున్నాను. నా మొగుణ్ణి చంపినవాణ్ణి నేను నమ్ముతున్నాను, చూశావా నా గతి? ఆ పెనం మీదే నా చెయ్యి పెడతాను. నీ తండ్రి వేళ్ళు రెండు పోయాయి, నావి రెండు తీసుకో, ఇక్కడితో సరి అంటాను. ఆ కొడుక్కీ ఊళ్ళో తలెత్తుకుని తిరగాలని ఉంటుంది కదా. తీసుకుంటాడు.

జక్కుతో మాత్రం, కంపెనీలో అట్ట కోసే మిషను కింద వేళ్ళు పడ్డాయని చెబుతాను. అలా చెప్పడం మారియప్ప దగ్గరే నేర్చుకున్నాను.

నాకు భయంగా ఉంది. నీతో కాక ఇంకెవరితో చెప్పను?

ఎడమ చెయ్యే పెడతాను బావా. కుడిచేత్తో దానికి అన్నం కలిపి తినిపించాలి.

నీ పిల్ల