గుమ్మం దగ్గర చేతికర్ర

అమ్మాయ్,

గుమ్మం దగ్గర నా చేతికర్ర చూసి హడలిపోకు. నేనెక్కడా పడలేదు. మందిరానికి నడిచే వెళ్తున్నాను, కర్ర లేకుండా!

పొయ్యి మీద గిన్నెలో ఉన్నది కూర కాదు, రుచి చూసేవు. నా మోకాళ్ళ మందు. వావిలాకు నువ్వుల నూనెలో కాగి ఉంది. పాత గుడ్డలో వడగట్టి, పక్కన తురిమి పెట్టిన తేనెమైనం వేసి సన్నసెగ మీద కరిగించు. దింపాక గట్టిపడేదాకా కలుపుతూనే ఉండు, లేకపోతే ఉండలు కడుతుంది. కొత్త సీసాలోకి తీసి పై అరలో పెట్టు. ఈసారి చెయ్యి జారితే దాచకు తల్లీ.

అవును, నాకు తెలుసు. పాత మందు సీసా నీ చేతిలో పగిలినప్పటి నుంచీ నువ్వు నాకు రాస్తున్నది వట్టి నూనె, మైనం. ఆకు వాసనే లేదు, ఆ మాత్రం పట్టలేనా? "మందు బాగా పనిచేస్తోందా అత్తయ్యా?" అని బిక్కమొహం వేసుకుని అడిగితే, "భేషుగ్గా చేస్తోందే!" అన్నాను. భయంకొద్దీ నువ్వు రెట్టింపు సేపు రుద్దుతుంటే ఆ సుఖం చేతులారా పోగొట్టుకుంటానా?

తీరా చూస్తే నొప్పి నిజంగానే తగ్గింది. తగ్గించింది మైనమా, నీ చెయ్యా, తన దయా అని దేవుణ్ణే అడిగి వస్తాను. ఆయన చెప్పేదాకా నువ్వు రాయడం మానకు.

మీ అత్తయ్య

మరిచాను: లాండ్రీ పనిలో సబ్బునీళ్ళకి నీ వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. గిన్నెకి అంటుకున్న మందు కడిగెయ్యకు. రాత్రికి ముందు నువ్వు కూర్చో, నేను రాస్తాను.