అరవై ఒక్క సార్లు చనిపోయినావిడ వీసా

నేపర్‌విల్, మార్చి 3

అమ్మా స్మృతీ,

నమస్కారం. తమిళ నటి రాధారాణి గారి అమెరికా ఆర్టిస్టు వీసా కోసం ప్లేనోలో మీ లాయరు గారి ఆఫీసు సిఫార్సు ఉత్తరాలు పోగుచేస్తోందని వాట్సాప్‌లో చూశాను. వీసా రాకపోతే ఆవిడ అక్కడ పెట్టిన నటన స్కూలు మూసేసి వెళ్ళిపోవాలటగా! నేను ఆవిడ అభిమానిని. ముప్పై ఏళ్ళలో ఆవిడ అరవై ఒక్క సార్లు చనిపోయారు. హీరోకి అక్కగా, వదినగా, తల్లిగా. ఒక చావులా ఇంకోటి ఉండదు. ఇంతకంటే ఏం కావాలి?

మీ శ్రేయోభిలాషి,
వీరభద్రం

తా.క. అందులో ఇరవై రెండు ఇంటర్వెల్‌కి ముందే.

ప్లేనో, మార్చి 7

వీరభద్రం అంకుల్‌కి నమస్తే.

మీ లెటర్ ట్రాన్స్‌లేట్ చేసి ఇస్తే, చనిపోయినావిడకి వీసా ఎందుకని మా అటార్నీ అడిగారు. సినిమాల్లో అని ఎక్స్‌ప్లెయిన్ చేశాను. కానీ అంకుల్, ఆవిడ రోల్ కీలకమని వీసా ఆఫీసర్‌కి ప్రూవ్ చేయాలి. ఇంటర్వెల్‌కి ముందే పోతే చిన్న రోల్ అనుకుంటారు. ఈ నెల ఇరవై లాస్ట్ డేట్.

ఉంటాను,
స్మృతి

తా.క. చావుల లిస్ట్ వద్దు, ప్లీజ్.

నేపర్‌విల్, మార్చి 10

అమ్మా స్మృతీ,

చిన్న రోలా? ఆవిడ చావకపోతే హీరో కత్తి పట్టడు. సెకండాఫే ఉండదు. జనం టీ తాగి ఇళ్ళకి పోవాల్సిందే! ఆవిడ కష్టం మీకేం తెలుసు? మెడ ఎంత సన్నమో, ఒక్క చేతికే సరిపోతుంది. బిగిస్తే ముందు ఎడమ కన్ను మూతపడుతుంది. బావిలోకి ఎత్తి పడెయ్యడానికి బరువే ఉండరు పాపం.

కోపంతో,
వీరభద్రం

తా.క. విషం పాలల్లో కలిపితే బెల్లం దండిగా వెయ్యాలి. లేకపోతే ఆవిడ తాగరు.

ప్లేనో, మార్చి 13

వీరభద్రం గారికి,

మా అటార్నీ బిల్డింగ్ సెక్యూరిటీకి మీ పేరు ఇచ్చారు. ఆవిడ మెడ సంగతి మీకెలా తెలుసు? మేడమ్‌ని అడిగితే వీరభద్రం ఎవరో తెలియదన్నారు. దయచేసి ఆవిడకి దూరంగా ఉండండి. మాకు కావాల్సింది అభిమానులు కాదు, ఆవిడతో పనిచేసినవాళ్ళు. ఒక్కరూ దొరకలేదు. కేసు పోయేలా ఉంది.

స్మృతి

తా.క. బెల్లం పాల సంగతి నిజమేనట. అందుకే నాకు ఇంకా భయంగా ఉంది.

నేపర్‌విల్, మార్చి 15

అమ్మా స్మృతీ,

భయపడకు తల్లీ. నేను తమిళ సినిమాల్లో విలన్‌ని. అక్కడ నా పేరు భద్రన్. ఆ అరవై ఒకటిలో పద్నాలుగు సార్లు ఆవిడని చంపింది నేనే. తాతయ్య బ్యాంకులో పనిచేశాడని మా మనవరాలు అనికకి చెప్పుకొచ్చాం, అందుకే దాచాను. ఇప్పుడు దానికీ చెప్పేశాను.

ఆఫీసర్‌కి ఇలా రాయి. అది నా మొదటి సినిమా. ఆవిడ పీక పట్టుకున్నాను, భయంతో మొహం పక్కకి తిప్పేసుకుంటున్నాను. రెండు టేకులు పోయాయి. మూడోది కూడా పోతే ఊరెళ్ళిపొమ్మన్నాడు డైరెక్టరు. ఆవిడ కళ్ళు తేలేస్తూ, పెదవి కదపకుండా, "తంబీ, మొహం కెమెరా వైపు తిప్పు" అన్నారు. తిప్పాను. పాతికేళ్ళు అన్నం తిన్నాను. తను చస్తూ ఎదుటివాణ్ణి బతికించే పాత్ర కీలకం కాకపోతే, ఇంకేది కీలకమో వాళ్ళనే చెప్పమను.

ఆవిడ హంతకుడు, రుణపడ్డవాడు,
భద్రన్

తా.క. అనికకి మా సినిమా ఒకటి చూపించాను. ఆవిడని చంపానని నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నా ఉత్తరం చాలకపోతే, సాక్ష్యానికి దాన్ని పిలవండి.