గీసినవారి పేరు

నాన్నా, నేను క్షేమం, కంగారు పడకండి. ఈ ఆదివారం మాత్రం రాలేను. ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్దాయన పోయారు. ఆయన కళ్ళజోడు ఇంకా బల్లమీదే ఉంది. యంత్రాల భాగాలు ఎలా బిగించాలో చూపిస్తూ ఆయన గీసిన అసెంబ్లీ డ్రాయింగులన్నీ ఒకేసారి విడివిడి పీడీఎఫ్‌లుగా తీయమన్నారు మేనేజరుగారు. తీశాను. తీరా చూస్తే, తీసింది నా కంప్యూటర్లో కాబట్టి, ‘గీసినవారు’ అన్నచోట అన్నిట్లోనూ నా పేరే పడింది.

“పోయినాయన వచ్చి తగువాడతాడా? వదిలెయ్యమ్మా,” అన్నారు మేనేజరుగారు. నాకు మనసొప్పలేదు. సోమవారం అవి ఫ్యాక్టరీకి వెళ్ళిపోతాయి. ఈలోగా ఒక్కొక్కటే తెరిచి, ఆయన పేరు పెట్టి మళ్ళీ తీస్తాను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లిని బడి మాన్పించకండి.

నా పేరు అచ్చులో చూడాలని మీకెంత ఆశో తెలుసు నాన్నా. ఇలా పడిన పేరు మీకు చూపించలేను. అమ్మకు, మీకు నా నమస్కారాలు.

మీ పెద్దమ్మాయి